శివరాజ్ పేల్చని తూటా

ఆ రోజు సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. ఇది శివరాజన్న కథే గానీ, చెప్పేది నేను కాబట్టి ముందు నా గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. నా పేరు మాణిక్. జహీరాబాద్‌లో ఒక బ్యాంకు గుమ్మం ముందు రెండు గొట్టాల తుపాకి పట్టుకుని నిలబడే గార్డును. మా సెక్యూరిటీ ఏజెన్సీలో నా అంత చురుకైన చెయ్యి ఇంకొకరికి లేదు. ఈ మాట మా మేనేజరే అన్నాడు. ఆయన అనకముందు నుంచీ నేనూ అంటూనే ఉన్నాను.

శివరాజన్నకు చురుకు అనే మాటతో చుట్టరికం లేదు. యాభై ఒక్క ఏళ్ల మనిషి, పాత బస్టాండు వైపు ఇంకో బ్రాంచిలో పద్నాలుగేళ్లుగా గార్డు. చాయ్ కప్పు చేతికిస్తే ఊది ఊది, అది చల్లారి మీగడ కట్టాక తాగుతాడు. "తిన్నవా అన్నా?" అని అడిగితే, ఏం తిన్నాడో, ఎప్పుడు తిన్నాడో అంతా గుర్తు తెచ్చుకుని అప్పుడు "తిన్న" అంటాడు. మేమంతా వెనకాల ఆయన్ని 'నిదానం సార్' అనేవాళ్లం. ఆయనకు తెలుసు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఆయనకు టైం పడుతుంది కాబట్టి మాకు భయం లేదు.

ఆయనకు ఇంకో విచిత్రమైన అలవాటు ఉంది. బ్యాంకుకు వచ్చేవాళ్ల ముఖం చూడడు, ముందు చేతులు చూస్తాడు. కోహీర్ నుంచి వచ్చిన రైతు చేతిని చూసి "అల్లం తవ్వుతున్నరా పటేలా?" అంటాడు. చెరకు కొట్టి వచ్చిన మనిషి అరచెయ్యి చూసి కుర్చీ వేస్తాడు. ముసలాయన ఒకడు అంగీ లోపలికి చెయ్యి పెట్టి గభాల్న ఏదో లాగబోతే నేనైతే రెండడుగులు ముందుకు వేద్దును. శివరాజన్న కదలడు. బనియన్‌కు కుట్టించుకున్న లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు, ఆ కవరులోంచి ఆధార్ కార్డు బయటికి వచ్చేదాకా ఆ చేతినే చూస్తూ నిలబడతాడు.

ఒకసారి అడిగాను. "మొకం సూడవేందన్నా, దొంగలకు మొకాలుండవా?"

"మొకం ఏం జేస్తది మాణిక్," అన్నాడు చాలాసేపటికి. "ఏం జేసినా చెయ్యే గద జేసేది."

ఈ బుద్ధి ఆయనకు ఎక్కడ అబ్బిందో తర్వాత తెలిసింది. వాళ్లది రాయికోడ్ దగ్గర పల్లె. తాతల కాలంలో సరిహద్దు అవతలి నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో సగం కన్నడం, సగం తెలుగు. చేలో పడే అడవి పందుల కోసం వాళ్ల నాయన లైసెన్సు తుపాకి ఉంచుకునేవాడు. కొడుక్కి అది పట్టుకోవడం నేర్పిన మొదటి రోజే ఒక మాట చెప్పాడట: "కదిలిందాన్ని కొట్టకు. కనబడ్డదాన్ని కొట్టు."

పంతొమ్మిదేళ్లప్పుడు ఒక పొద్దున, కంది చేను నడుమెత్తు ఉన్నప్పుడు, మొక్కల మధ్య గలగలా కదిలింది. పక్కనున్న దోస్తు "పందే, కొట్టు, కొట్టు" అని చెవిలో పోరు పెట్టాడట. శివరాజ్ తుపాకి ఎత్తి, వేలు పెట్టి, ఆగాడు. దోస్తు తిట్టాడు. ఇంకా ఆగాడు. కందిలోంచి ఒక చెయ్యి పైకి వచ్చింది, పిడికిట్లో ఆకుకూర. వాళ్ల అమ్మ మహాదేవమ్మ. చేలో తనంత తానుగా మొలిచిన కూర కోసం వంగి వంగి తిరుగుతోంది. ఆ పూట ఇంట్లో వండింది ఆ కూరే. శివరాజ్ ఒక్కడే తినలేదట. ఈ కథ ఆయన భార్య శాంతమ్మ వదిన నాకు చెప్పింది. ఆయన చెబితే తెల్లారేది.

ఇక పరీక్ష సంగతికి వస్తాను. కిందటేడు మా ఏజెన్సీ కొత్త పద్ధతి పెట్టింది. ఇదివరకు ఏటా ఒకసారి బోర్డు మీద గురి చూసి కొడితే సరిపోయేది. అందులో నేనే ఫస్టు. ఇప్పుడు అది చాలదన్నారు. గార్డును నిజమైన మనుషుల మధ్య నిలబెట్టి, అరుపులు, గొడవ, గందరగోళం సృష్టించి, కాల్చాలా వద్దా అన్నది అక్కడికక్కడ తేల్చుకోమంటారు. తుపాకి ఉత్తదే. బరువు, ఆకారం మా తుపాకిలాగే ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే స్పీకర్లో ధడేల్‌మంటుంది, ఎదుటి మనిషి మీద ఎర్ర చుక్క పడుతుంది. కాల్చకూడని మనిషిని కాల్చినా తప్పు, కాల్చాల్సినప్పుడు కాల్చకపోయినా తప్పు.

ఇవన్నీ నడిపించేది గిరీశ్ సారు. పోలీసులకు శిక్షణ ఇచ్చి ఇచ్చి రిటైరై, హైదరాబాద్ నుంచి వస్తాడు. సన్నగా, ఎండిన చెరకు గడలా ఉంటాడు. "బోర్డు మీద అందరూ కొడతరు. గుండె దడదడ కొట్టుకునేటప్పుడు మీ బుర్ర ఏం చేస్తదో నాకు చూడాలె," అన్నాడు మొదటి రోజే.

మొదటి విడతలో శివరాజన్న తప్పాడు. కత్తి పట్టుకుని వచ్చిన వేషగాణ్ణి తేరిపార చూసి, అది కత్తేనని నమ్మకం కుదిరాక కాల్చాడు. అప్పటికి ఆ కత్తి ఉత్తుత్తి మేనేజరు గొంతు దాకా వచ్చింది. గిరీశ్ సారు కాగితం మీద 'ఆలస్యం' అని రాసి కింద రెండు గీతలు గీశాడు. ఇంకొక్క అవకాశం. అందులో కూడా తప్పితే తుపాకి తీసేసుకుని, పటాన్‌చెరు అవతల ఏదో గోదాము గేటు దగ్గర చేతికి కర్ర ఇచ్చి నిలబెడతారు. పద్నాలుగేళ్లు నిలబడ్డ గుమ్మం పోతుంది. శాంతమ్మ వదిన మా ఇంటికి వచ్చి, "మాణిక్, ఆయనకు జర తొందర నేర్పు బిడ్డా," అని అడిగింది. నేను సరేనన్నాను. నేర్పాను కూడా. సాయంత్రాలు వాళ్ల ఇంటి ముందు గొడుగు తుపాకిగా పెట్టి, "చూడంగనే కొట్టు, సోచాయించకు, ఆలోచన వద్దు" అని అరిచేవాణ్ణి. ఆయన గొడుగు మూసి, తెరిచి, చూసి, కొట్టేవాడు. ఆలస్యం అమృతం విషం అన్నాను. నిదానమే ప్రధానం అన్నాడు. సామెతల పోటీ తప్ప అక్కడ శిక్షణ సాగలేదు.

రెండో విడత పరీక్ష మా అందరికీ ఉంది, దాన్ని మూఢాల్లో పెట్టారు. మూఢాల్లో పెళ్లిళ్లుండవు, చిరాగ్‌పల్లి రోడ్డులో ఫంక్షన్ హాలు ఖాళీగా పడి ఉంటుంది. దాన్నే బ్యాంకు చేశారు. స్టేజీ మీద టేబుళ్లు వేసి కౌంటర్లు పెట్టారు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర మఖమల్ సోఫా మేనేజరు గది. వెనక గోడ మీద కిందటి పెళ్లి తాలూకు థర్మాకోల్ నెమళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. వేషాలు వేసేది ఆ హాలు పనివాళ్లే. మూఢాల్లో వాళ్లకూ పని లేదు మరి. ఎలక్ట్రీషియన్ సాల్మన్ దొంగ. గిన్నెలు తోమే ఇద్దరు కస్టమర్లు. ఇక బస్వమ్మ.

బస్వమ్మ అంటే ఆ హాలు వంటల పెద్ద. కోహీర్ మనిషి, అరవై దాటింది. వెయ్యి మంది పప్పుకు చేత్తోనే ఉప్పు వేసే మనిషి. అందరి మధ్యాహ్నం తిండి, మిరపకాయ బజ్జీలు ఆమె చేతి మీదే. గిరీశ్ సారు ఒక ఆడమనిషి కావాలనగానే ముందుకొచ్చి, "నేను దొంగనైత," అంది. "ఏండ్ల సంది వండిపెట్టుడే అయింది సారూ. ఒక్కపారి దోచుకుంట."

సారు నవ్వి, ఆమెకు ఒక బొమ్మ పిస్తోలు ఇచ్చి నడుములో దోపుకోమన్నాడు. క్యూలో చివర నిలబడాలి. గార్డు "చేతులు పైకెత్తు" అనగానే చటుక్కున వెనక్కి తిరిగి నడుములోంచి తీయాలి. నోరెత్తకూడదు. పొద్దున ఒకసారి చేసి చూపించింది. సారు చప్పట్లు కొట్టాడు. ఇదంతా మాకు తర్వాతే తెలిసింది.

పొద్దున పెట్టిన మూడు చిన్న సీన్లలో అందరం గట్టెక్కాం. శివరాజన్న కూడా. సాల్మన్ సంచిలోంచి కత్తి తీసి కౌంటర్ మీదికి ఎగిరినప్పుడు, ఆయన తుపాకి సమయానికే ధడేల్‌మంది. నాకు మురిపెం ఆగలేదు. నా గొడుగు శిక్షణే అనుకున్నాను. ఇక మిగిలింది చివరి సీను. దాని మీదే అంతా.

ఆ సీనుకు ముందు హాలు చుట్టూ మూడు రౌండ్లు పరుగెత్తించారు. ఆయాసంతో రొప్పుతూ లోపల అడుగుపెడితే, పెళ్లి లైట్లు టపటపా వెలిగి ఆరుతున్నాయి. స్పీకర్లలో పసిపిల్లల ఏడుపు, హారన్ల మోత. కౌంటర్ దగ్గర సాల్మన్ క్యాషియర్ కాలర్ పట్టుకుని అరుస్తున్నాడు. మనం చూసేది సాల్మన్నే. అసలు ప్రమాదం క్యూ చివర ఉంది. ఒకరి తర్వాత ఒకరం లోపలికి వెళ్లాలి, ముందువాళ్లది చూడనివ్వరు. మొత్తం ఐదుగురం. మొదటివాణ్ణి నేనే.

అబ్బ, ఆ క్షణం. చెవుల్లో నెత్తురు హోరు. సాల్మన్ చేతులు ఖాళీ అని గమనించాను. "చేతులు పైకెత్తు" అన్నాను. అందరి చేతులూ లేచాయి, క్యూ చివర ఒక్క చెయ్యి తప్ప. ఆ చెయ్యి నడుములోకి పోయింది, నల్లగా ఏదో లాగింది. ధడేల్. బస్వమ్మ గుండె మీద ఎర్ర చుక్క. "అయ్యో దేవుడా," అని చక్కగా కూలబడింది కూడా. నా వెనక నిలబడి నా వేలిని, నా కాళ్లను, తన చేతిలోని వాచీని చూస్తున్న గిరీశ్ సారు వీపు తట్టాడు. "ఒక్క సెకను. శభాష్." నా కళ్లు నెత్తికెక్కాయి.

పరీక్ష అయినవాళ్లు పైన బాల్కనీలో కూర్చుని చూడొచ్చు. నేను ఎక్కి కూర్చున్నాను. వికాస్, అఖిలేష్, రామ్‌కిషన్ వరసగా వచ్చారు, మా ఏజెన్సీ కుర్రాళ్లే. ముగ్గురూ కాల్చారు. బస్వమ్మ మూడుసార్లూ చచ్చింది. మధ్య మధ్య లేచి, కొంగు దులుపుకుని, వెనక వంటశాలకు పరుగెత్తి బజ్జీలు తిప్పి వచ్చేది. పైనుంచి మాకు ఆమె వీపూ, తలా తప్ప ఏమీ కనబడలేదు. మాకు కావలసింది ధడేల్, అంతే.

చివరగా శివరాజన్న వచ్చాడు. మూడు రౌండ్ల పరుగుతో ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఛాతీ కొలిమి తిత్తిలా ఎగిసిపడుతోంది. నేను బాల్కనీ పిట్టగోడ పట్టుకుని లేచి నిలబడ్డాను. పైనుంచి అరవకూడదు. లోపల్లోపల మాత్రం అరుస్తున్నాను: కొట్టు, సోచాయించకు, కొట్టు.

"చేతులు పైకెత్తు," అన్నాడు.

లేచాయి. బస్వమ్మ తిరిగింది. చెయ్యి నడుములోకి పోయింది, బయటికి వచ్చింది. శివరాజన్న తుపాకి ఆమె గుండెకు గురిపెట్టి ఉంది. వేలు ట్రిగ్గర్ మీద ఉంది.

ఒకటి. రెండు.

"అక్కా, చెయ్యి అట్లనే ఆపు," అన్నాడు. తుపాకి దించలేదు. "ఏంది నీ చేతుల?"

మూడు. నాలుగు. నా పక్కన వికాస్ తల పట్టుకున్నాడు. అయిపోయింది. పటాన్‌చెరు, గోదాము, కర్ర. శాంతమ్మ వదినకు ఏం చెప్పాలో నేను అప్పుడే వెతుక్కుంటున్నాను. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

బస్వమ్మ ఎర్ర చుక్క కోసం ఎదురుచూసింది. రాలేదు. ఒకసారి వంటశాల వైపు చూసింది, మళ్లీ ఆయన్ని చూసింది.

"కాల్చవేంది తమ్మీ?" అంది. "జల్ది కాల్చు. నూనె మాడుతున్నది."

గిరీశ్ సారు విజిల్ ఊదాడు. లైట్లు ఆగాయి, పిల్లల ఏడుపు ఆగింది. సారు ముఖం కందగడ్డలా ఎర్రబడింది. "శివరాజ్, రెండు సెకన్లు దాటినయ్. ఆమె పిస్తోలు తీసింది. నువ్వు ఆమెను క్షేమసమాచారం అడుగుతున్నవ్. ఇది బ్యాంకయితే ఈపాటికి నువ్వు లేవు."

శివరాజన్న తుపాకి కిందికి దించాడు. మామూలుగా అయితే చాలాసేపు ఆలోచించేవాడు. ఆ రోజు వెంటనే అన్నాడు: "అది పిస్తోలు కాదు సార్. ఆకువక్కల సంచి."

బస్వమ్మ పిడికిలి విప్పింది. నల్లటి గుడ్డ సంచి. మూతికి తాడు, ఆ తాడు చివర కట్టిన చిన్న ఇత్తడి గుండు ఆమె మణికట్టు దగ్గర ఊగుతోంది. మా పక్క ఇంతటి వయసు ఆడవాళ్ల నడుములో ఆ సంచి ఉండకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, ఉంటే కాదు.

"మరి నేను ఇచ్చిన పిస్తోలేది?" అన్నాడు సారు.

"ఉల్లిగడ్డల బుట్టల ఉన్నది సారూ. వంగి బజ్జీలేస్తుంటే నడుముల గుచ్చుకుంటున్నది. తీసి పెట్టిన."

"ఎప్పుడు తీసినవ్?"

"పొద్దుగాలనే. మీరు చప్పట్లు కొట్టినంక."

సారు ఆమె వంక అలాగే చూశాడు. తర్వాత మెల్లగా తలెత్తి బాల్కనీలో ఉన్న మా నలుగురి వంక చూశాడు.

"ఏదన్నా తియ్యాలె అన్నరు గద," అంటోంది బస్వమ్మ. "నా చేతికి ఇదే వచ్చింది. తీసిన. నలుగురు కాల్చిన్రు. ఎవ్వరేమన్లే. ఇదే ఖాయిదా, ఇట్లనే చెయ్యాలె గావచ్చు అనుకున్న."

పక్క గోడకు పెట్టిన కెమెరాలో అంతా రికార్డయింది. సారు మమ్మల్ని కిందికి రమ్మని, సాల్మన్‌ను పిలిచి, పెళ్లిళ్లలో జంటను చూపించే పెద్ద తెర మీద వెయ్యమన్నాడు. థర్మాకోల్ నెమళ్ల మధ్య, పెళ్లికూతుళ్లు మెరిసే తెర మీద నేను ప్రత్యక్షమయ్యాను. సారు దాన్ని నెమ్మదిగా తిప్పించాడు. బస్వమ్మ చెయ్యి బయటికి వస్తోంది. సంచి. తాడు వేలాడుతోంది. ఇత్తడి గుండు లైటుకు తళుక్కుమంది. అంత స్పష్టంగా ఉంది. నా కళ్లు సరిగ్గా దాని మీదే ఉన్నాయి. నేను ట్రిగ్గర్ నొక్కాను. నా ముఖం మీద చిరునవ్వు కూడా ఉంది.

తర్వాత వికాస్, అఖిలేష్, రామ్‌కిషన్. నలుగురం వరసగా, వంటమనిషిని ఆకువక్కల సంచి తీసినందుకు చంపాం. ప్రతి ఒక్కరి వీపూ సారు తట్టాడు, అది కూడా తెర మీద కనబడింది. సారు టోపీ తీసి టేబుల్ మీద పెట్టాడు. "నేను మీ వేళ్లు చూసిన, వాచీ చూసిన. ఆమె చెయ్యి చూడలే. ఇందుల నా తప్పు కూడా ఉన్నది," అన్నాడు. అంతటి మనిషి ఆ మాట అనడం చూసి నాకు ఇంకా భయమేసింది. మా నాలుగు కాగితాలు తీసి అడ్డంగా కొట్టేశాడు. శివరాజన్న కాగితం మీద ఆ పూట ఒకే ఒక్క గీత గీశాడు, 'పాస్' అనే మాట కింద.

అందరం ఎగిరి ఆయన మీద పడ్డాం. మేం తప్పాం, మళ్లీ రావాలి, అయినా ఆ నిమిషాన ఎవరికీ అది గుర్తు లేదు. సాల్మన్ ఆయన్ని ఎత్తి ఎర్ర సోఫాలో కూర్చోబెట్టాడు. నేను శాంతమ్మ వదినకు ఫోన్ చేశాను. సంతోషం ఆపుకోలేక, "వదినా, అన్న ఎవ్వర్నీ కాల్చలే," అని చెప్పాను. ఆమె, "అయ్యో, మళ్ల కాల్చలేదా," అని ఏడుపు అందుకుంది. అసలు సంగతి చెప్పి ఊరడించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మాడిన బజ్జీలు పక్కన పడేసి బస్వమ్మ కొత్త వాయి దించింది. మొదటి ప్లేటు శివరాజన్నకే పెట్టింది. ఆయన ఒక బజ్జీ తీసుకుని ఊదడం మొదలుపెట్టాడు. అది చల్లారేదాకా ఊదనీ, ఎవరిక్కావాలి తొందర.

నేను వంటశాలలోకి వెళ్లాను. ఆమె పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని అదే సంచి విప్పి ఆకు తీస్తోంది.

"తప్పయిందవ్వా," అన్నాను.

"ఉత్త తుపాకే గద బిడ్డా. ఫికర్ జేయకు." ఆకుకు సున్నం రాస్తూ నా వంక చూసింది. "గని ఒక్కటడుగుత. నా చేతుల నీకేం కనబడ్డది?"

మా అమ్మ నడుములో కూడా అచ్చం అలాంటి సంచే ఉంటుంది. ఆమె ఒళ్లో పడుకుని దాని తాడు నోట్లో పెట్టుకుని పెరిగినవాణ్ణి నేను. అబద్ధం చెబుదామనుకున్నాను. కనబడలేదు, లైట్లు టపటపా ఆరాయి అని చెబుదామనుకున్నాను.

"పిస్తోలు కనబడ్డదవ్వా," అన్నాను. "ఒట్టు. పిస్తోలే కనబడ్డది."

ఆమె ఆకు మడిచి నోట్లో పెట్టుకుని, సంచి తాడు బిగించి, నా అరచేతిలో పెట్టింది. చేతి వేడికి అది ఇంకా వెచ్చగానే ఉంది. నేను దాన్ని తిప్పి తిప్పి చూస్తూ, శివరాజన్న బజ్జీ చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను.